గోలీ కాళ్ళ దగ్గర బంతి, మన గుండెల్లో దడ

పోయిన సంచికలో గోల్‌కీపర్ల (మేం ముద్దుగా గోలీలంటాం) గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు పెనాల్టీల గురించి రాసినప్పుడు కూడా రాలేదు. దాదాపు అందరిదీ ఒకటే ఫిర్యాదు: సొంత గోలు ముందు ఆ పాసులేంటండీ అని. సికింద్రాబాద్ మట్టి గ్రౌండ్లలో పన్నెండేళ్ళు స్టాపర్‌గా, అంటే గోలు ముందు నిలబడే నడిమి డిఫెండర్‌గా, ఆడినవాణ్ణి, ఆ దడ నాకు కొత్త కాదు. అయిదు ఉత్తరాలు ఏరి పెట్టుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీకి వీరాభిమాని. వాడి పక్కన కూర్చుని నేనూ అర్ధరాత్రి మ్యాచ్‌లు చూస్తుంటాను. గోల్‌కీపర్ పక్కనున్న స్టాపర్‌కి ఇస్తాడు, అతను మళ్ళీ వెనక్కి ఇస్తాడు, ఈలోపు అవతలివాళ్ళు మీదకొచ్చేస్తారు. నాకు బీపీ పెరుగుతోంది. హాయిగా ఒక్క తన్ను తన్ని అవతల పడేయొచ్చుగా? (విశ్రాంత ఉద్యోగి, కాకినాడ)

జవాబు: మాత్ర వేసుకునే కూర్చోండి సార్, వాళ్ళు మానరు.

తన్నేస్తే బంతి అవతల పడుతుంది, నిజమే. ఎవరికి పడుతుందన్నదే పేచీ. గాల్లో అరవై గజాలు వెళ్ళిన బంతి కింద మన ఫార్వర్డ్ ఒక్కడు, వాళ్ళ స్టాపర్లు ఇద్దరు. స్టాపర్ బంతిని ఎదురుగా చూస్తూ పరిగెత్తుకొచ్చి తలతో కొడతాడు. మనవాడు గోలుకి వీపు పెట్టి ఎగరాలి. చాలాసార్లు బంతి వాళ్ళదే అవుతుంది, అరనిమిషంలో మళ్ళీ మన గోలు ముందున్న పెనాల్టీ బాక్స్ దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. వాళ్ళ గోల్‌కీపర్ తన గోలు వదిలి రాడు. కాబట్టి మన వైపు మనం పదకొండు మందిమైతే వాళ్ళు మహా అయితే పదిమంది. ఎక్కడో ఒకచోట మనవాడొకడు ఖాళీగా ఉండి తీరాలి. మామూలుగా ఆ ఖాళీ మనిషి మన గోల్‌కీపరే. వాళ్ళ ఫార్వర్డ్ అతని మీదకి పరిగెత్తాడంటే, తను కాపలా కాయాల్సిన మనిషిని వదిలేసి వచ్చాడన్నమాట. ఆ వదిలేసిన మనిషికి బంతి చేర్చాలి, అంతే.

ఫార్వర్డ్ కూడా తెలివి తక్కువవాడేం కాదు. నేరుగా రాడు, విల్లులా వంపు తిరిగి వస్తాడు. తను వదిలేసిన మనిషికీ బంతికీ మధ్యలో ఉండేలా పరిగెత్తి, అతన్ని తన నీడలో దాచేస్తాడు. అప్పుడు గోల్‌కీపర్ నేరుగా ఇవ్వలేడు. ముందు మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న హాఫ్‌కి ఇస్తాడు. అతను తిరక్కుండానే ఒక్క టచ్‌తో ఆ దాగిన మనిషికి పక్కకి వేస్తాడు. ఈ ఎత్తునే ‘మూడో మనిషి’ అంటారు. మీకు టీవీలో బంతి ముందుకెళ్ళి ఉత్తినే వెనక్కొచ్చినట్టు కనిపిస్తుంది. ఈలోపు ఆ ఫార్వర్డ్ బంతికి అవతలివైపు మిగిలిపోయాడు, ఇంక ఆ దాడిని ఆపడానికి పనికిరాడు.

ఈ పిచ్చి బాగా ముదిరింది ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్‌లో, రాబర్టో డి జెర్బి కోచ్‌గా ఉన్నప్పుడు. వాళ్ళ స్టాపర్ బంతి మీద బూటు అడుగు ఆనించి, గాలానికి ఎర గుచ్చి కూర్చున్నవాడిలా కదలకుండా నిలబడేవాడు. ఎవరో ఒకరు ఆశపడి మీదకొస్తేనే పాసు. 2022-23లో ఆ ఆటతోనే బ్రైటన్ ప్రీమియర్ లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచి, మొట్టమొదటిసారి యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్‌కి వెళ్ళింది.

తప్పులు జరగవా అంటే, బ్రహ్మాండంగా జరుగుతాయి. మీ అబ్బాయిని 2018 జనవరి 14 గురించి అడగండి, మొహం మాడ్చుకుంటాడు. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌తో మ్యాచ్. అప్పటిదాకా ఆ సీజన్ లీగ్‌లో సిటీ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. 59వ నిమిషం, 61, 68: మూడు గోల్స్ తిన్నారు. చివరికి 4-3తో ఓడారు. అయితే ఆ 68వ నిమిషం గోల్ ఒక్కసారి మళ్ళీ చూడండి. సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ బాక్స్ దాటి బయటికొచ్చి, అచ్చం మీరు కోరుకున్నట్టే, ఒక్క తన్ను తన్నాడు. బంతి వెళ్ళి లివర్‌పూల్ ఫార్వర్డ్ సలా కాళ్ళ దగ్గర పడింది. అతను దాదాపు నలభై గజాల నుంచి ఖాళీ గోల్లోకి లేపేశాడు. తన్నడం కూడా క్షేమం కాదు సార్.

ఆ సీజన్ మొత్తమ్మీద సిటీ లీగ్‌లో ఓడింది రెండు మ్యాచ్‌లే. 100 పాయింట్లతో లీగ్ గెలిచారు. మళ్ళీ 2018 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ మీద అదే ఎడర్సన్ పొడుగ్గా ఒక బంతి కొడితే సిటీ ఫార్వర్డ్ అగ్యూరో దాన్ని గోల్ చేశాడు. అవతలివాళ్ళు ముందుకొస్తే వాళ్ళ వెనక అరెకరం ఖాళీ. ఆ ఖాళీ చూసి కొట్టాడు, భయపడి కాదు.

ప్రశ్న: బంతి అవతలివాళ్ళ దగ్గరున్నప్పుడు మీద పడి గుంజుకోవడాన్ని ప్రెసింగ్ అంటారు కదా, అంటే బంతి ఎటుపోతే అటు అందరూ పరిగెత్తడమేనా? మా కాలేజీ టీమ్ అలాగే చేసి ఇరవై నిమిషాలకి నాలుక బయట పెట్టింది. (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: తమ్ముడూ, కబడ్డీ ఆడావా? కూతకొచ్చినవాడి మీదకి కార్నర్ ఒక్కడే ఎగిరి చీలమండ పట్టుకుంటే ఏమవుతుంది? పక్కవాళ్ళు రాకపోతే వాడు ఈడ్చుకుంటూ గీత దాకా పోతాడు. అందరూ ఒక్క క్షణంలో మూసుకుంటే కదలలేడు. ప్రెసింగ్ కూడా అంతే. మీలో ఎవరో ఒక ఉత్సాహవంతుడు ఒంటరిగా పరిగెత్తుతున్నాడు, మిగతావాళ్ళు రెండు సెకన్లు ఆలస్యంగా బయల్దేరుతున్నారు. ఆ రెండు సెకన్లలో బంతి వెళ్ళిపోతుంది, మళ్ళీ అందరూ వెనక్కి పరుగు. నాలుక బయట పెట్టించేది ఆ వెనక్కి పరుగే.

ఎప్పుడు బయల్దేరాలో ముందే మాట్లాడుకోండి. అవతలివాడు బంతిని వెనక్కి ఇచ్చినప్పుడు ఒకటి. మొదటి టచ్ దూరంగా పడ్డప్పుడు ఇంకొకటి. వాడు తన గోలు వైపు మొహం పెట్టి బంతి అందుకున్నప్పుడు మరీ మంచిది, వీపు వెనక ఎవరున్నారో వాడికి తెలీదు. అన్నిటికంటే చవకైనది, బంతి గీత పక్కన ఆడే డిఫెండర్‌కి, అంటే ఫుల్‌బ్యాక్‌కి, వెళ్ళినప్పుడు. అక్కడ టచ్‌లైనే మీకు ఇంకో డిఫెండర్, దానికి అలుపు కూడా రాదు. ఇవేవీ జరగనప్పుడు పరిగెత్తకండి, దగ్గరదగ్గరగా నిలబడండి. మీ ముందు వరుసకీ వెనక వరుసకీ మధ్య పాతిక, ముప్ఫై మీటర్లు మించిందంటే మీది ప్రెసింగ్ కాదు, జాగింగ్.

మీ బంతి పోయిన తొలి అయిదారు సెకన్లు మాత్రం లెక్క వేరు. బంతి గుంజుకున్నవాడు ఇంకా తలెత్తి చూసుకోలేదు, వాడి వాళ్ళు ఇంకా విడిపోలేదు. అప్పుడు మీద పడాలి. గోల్ అవకాశాలు పుట్టించడంలో దీన్ని మించిన ప్లేమేకర్ లేడని లివర్‌పూల్ మాజీ కోచ్ యుర్గెన్ క్లాప్ అనేవాడు. అయిదారు సెకన్లలో దొరక్కపోతే వెనక్కొచ్చేయండి, పంతానికి పోవద్దు.

ప్రశ్న: నేను హైస్కూల్లో పీఈటీని. మా అండర్-14 అమ్మాయిలకి గోల్‌కీపర్ దగ్గర నుంచి పాసులతో ఆడుకుంటూ రావడం నేర్పిస్తున్నాను. మొన్న జోనల్స్‌లో అలా ఆడే రెండు గోల్స్ ఇచ్చాం. తల్లిదండ్రులు గీత పక్కన నిలబడి ‘కొట్టెయ్, కొట్టెయ్’ అని ఒకటే అరుపులు. గోల్‌కీపర్ పిల్ల ఇప్పుడు ప్రాక్టీస్‌కి రానంటోంది. మానేయమంటారా? (అనంతపురం జిల్లా)

జవాబు: మానొద్దమ్మా. కాని ముందు ఒక సంగతి చెప్పండి, మీ గ్రౌండ్ ఎలా ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, నాకు పదహారేళ్ళప్పుడు ఒక మ్యాచ్‌లో ముందురోజు వాన పడింది. నేను ఎక్కడో చూసి నేర్చుకున్న తెలివితో గోలీకి మెల్లగా బ్యాక్‌పాస్ ఇచ్చాను. బంతి మధ్యలో నీళ్ళగుంటలో ఆగిపోయింది. చేప పిల్లలాగా అక్కడే తేలుతోంది. నేనూ, మా గోలీ, అవతలి ఫార్వర్డ్ ముగ్గురం పరిగెత్తాం. ఎవరు ముందు చేరారో వేరే చెప్పక్కర్లేదు. మా కోచ్ సార్ నన్ను రెండు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత పదేళ్ళు నాకు తెలిసిన ఫుట్‌బాల్ ఒకటే మాట, ‘కొట్టు’. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు పాసుది కాదు, గుంట చూసుకోకపోవడానిది. ఆ సంగతి అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

కాబట్టి గులకరాళ్ళున్న వైపు, బంతి ఎగిరే వైపు ఆడించకండి. మ్యాచ్‌కి ముందు పిల్లల్ని గ్రౌండ్ అంతా నడిపించి ఎక్కడ గుంటలున్నాయో వాళ్ళచేతే చెప్పించండి. గోలు ముందు నుంచి అడ్డంగా పాసు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది పోతే గోలే.

ఇక నేర్పే పద్ధతి. అందరూ పాసు నేర్పిస్తారు, పాసు అందుకునే ముందు చూడటం నేర్పించరు. నేను ఆదివారాలు పిల్లల చేత ఇది చేయిస్తాను: ఒక పిల్లకి బంతి వస్తుంటుంది, నేను ఆమె వెనక నిలబడి వేళ్ళు చూపిస్తాను. బంతి కాలికి తగిలేలోపు భుజం మీదుగా వెనక్కి చూసి ‘మూడు’ అనో ‘అయిదు’ అనో చెప్పాలి. మొదటి వారం బంతైనా పోతుంది, లెక్కైనా తప్పుతుంది. నవ్వులే నవ్వులు. నాలుగో వారానికి మెడ దానంతటదే తిరుగుతుంది. అది అలవాటైతే సగం పని అయినట్టే. దాంతోపాటు ఒళ్ళు అడ్డంగా తిప్పి నిలబడటం. బంతి వచ్చే వైపు ఛాతీ మొత్తం పెట్టి అందుకుంటే ఆమెకి కనిపించేది సొంత గోలు ఒక్కటే. పక్కకి తిరిగి, దూరంగా ఉన్న కాలితో అందుకుంటే గ్రౌండ్ రెండు వైపులా కనిపిస్తుంది.

ఆ తర్వాత పది గజాల చదరం గీసి నలుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో. బంతి పోగొట్టినవాళ్ళు మధ్యలోకి. స్పెయిన్‌లో దీన్ని రోండో అంటారు, బార్సిలోనావాళ్ళు చిన్నప్పటి నుంచీ పెద్దయ్యేదాకా ఇదే ఆడతారు. మీ జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్‌లో ఆడిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ళకి తెలిసే ఉంటుంది.

ఇక ఆ గోల్‌కీపర్ పిల్ల. ఆమెకి ఒక వీడియో చూపించండి. 2021 జూన్ 28, కోపెన్‌హాగన్, యూరో పోటీల్లో స్పెయిన్, క్రొయేషియా. దాదాపు సగం గ్రౌండ్ అవతల నుంచి స్పెయిన్ ఆటగాడు పెడ్రి వెనక్కి ఒక మామూలు పాసు ఇస్తాడు. గోల్‌కీపర్ ఉనాయ్ సిమోన్ కాలు పెడతాడు, బంతి కాలి పక్క నుంచి జారి గోల్లోకి పోతుంది. పక్కన ఒక్క ప్రత్యర్థి లేడు, ఎవరూ తరమలేదు. టీవీలో కోట్లమంది చూశారు. అయినా స్పెయిన్‌వాళ్ళు అతనికి పాసులివ్వడం మానలేదు. వీడియో అక్కడ ఆపకండి, ఎక్స్‌ట్రా టైమ్ దాకా చూపించండి. 3-3 దగ్గర క్రొయేషియా ఫార్వర్డ్ క్రమారిచ్ గోలుకి మరీ దగ్గర నుంచి కొట్టిన బంతిని ఆపింది అదే సిమోన్. స్పెయిన్ 5-3తో గెలిచింది.

మీరు కూడా తర్వాతి మ్యాచ్‌లో మొదటి బంతి ఆ పిల్లకే ఇప్పించండి. దారి కనిపించకపోతే గీత పక్కకి పొడుగ్గా కొట్టెయ్యొచ్చు, అందుకు నేను కోప్పడను అని ముందే చెప్పండి. తల్లిదండ్రుల సంగతా? నాలాంటి మాజీ స్టాపర్ ఎవరైనా వాళ్ళలో ఉండి ఉంటాడు. ఒక ఆదివారం వాళ్ళనే ఆ చదరంలో మధ్యన నిలబెట్టండి.

ప్రశ్న: ఇదంతా విదేశీ కోచ్‌ల ఫ్యాషన్. మన హైదరాబాదీ, భారత జట్టు పాతకాలం కోచ్ రహీం సాబ్ టీమ్‌లు ఇలా ఆడి గెలిచాయా? (మాసబ్ ట్యాంక్, హైదరాబాద్)

జవాబు: పొట్టి పాసుల మాటకొస్తే రహీం సాబ్‌ని ఫ్యాషన్‌వాళ్ళెవరూ దాటలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు పెట్టి, బంతిని వెంటనే వదలడం అలవాటు చేయించిన మనిషి ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం, రెండూ ఆయన హయాంలోవే.

కాని గోల్‌కీపర్ దగ్గర నుంచి ఆట మొదలుపెట్టాల్సిన గరజు అప్పట్లో ఎవరికీ లేదు. ఒత్తిడి వస్తే గోలీకి వెనక్కి ఇచ్చేవాళ్ళు, ఆయన చేత్తో పట్టుకునేవాడు, కథ కంచికి. 1992 జూన్‌లో డెన్మార్క్ యూరో ఫైనల్ గెలిచిన రోజు వాళ్ళ గోల్‌కీపర్ ష్మైకేల్‌కి ఎన్ని బ్యాక్‌పాసులు ఇచ్చారో చూస్తే నిద్రొస్తుంది. అదే ఏడాది నియమం మార్చారు, సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇస్తే చేత్తో పట్టకూడదని. ఆ రోజు నుంచి గోల్‌కీపర్లకి కాళ్ళు మొలిచాయి.

ప్రశ్న: గోల్ కిక్ (అవతలివాళ్ళు బంతిని మన గోలు గీత బయటికి కొట్టేస్తే మనం ఆట మళ్ళీ మొదలుపెట్టే తన్ను) కొడితే బంతి పెనాల్టీ బాక్స్ దాటాకే మనవాడు తాకాలి, లోపలే తాకితే మళ్ళీ కొట్టాలి. నా మాటే నిజమని మిత్రుడితో బిర్యానీ పందెం కాశాను. తీర్పు చెప్పండి. (గుంటూరు)

జవాబు: 2019 వేసవి దాకా మీ మాటే నిజం. అప్పట్లో కొంతమంది గడుసు డిఫెండర్లు, అవతలివాడు మీదకొస్తున్నాడని చూసి, కావాలనే బాక్స్ లోపల బంతి తాకి మళ్ళీ కొట్టించేవాళ్ళు. 2019-20 సీజన్ నుంచి బంతి కాలికి తగిలి కదిలితే చాలు, ఆట మొదలైనట్టే. ప్రత్యర్థులు మాత్రం అప్పటిదాకా బాక్స్ బయటే ఉండాలి. అందుకే ఇప్పుడు గోలీ పక్కన స్టాపర్లు ఇద్దరు అటూ ఇటూ, పెళ్ళిపందిట్లో తోడుపెళ్ళికొడుకుల్లాగా నిలబడుతున్నారు.

బిర్యానీ మీరే పెట్టించాలి.