సరిహద్దులో ఉన్న భర్త ఉత్తరాల్లో తన సంగతి ఎందుకు రాయరు?

కశ్మీర్‌లో ఉన్న మీ ఆయన, ఫోను కలవని రోజుల్లో ఉత్తరం రాస్తారనీ, అందులో బావి మోటారు బాగు చేయించావా అని అడగడమే తప్ప తన గురించి ఒక్క ముక్క ఉండదనీ, ఆయనకు మీ మీద మనసు లేదేమోననీ బాధపడుతూ అడిగారు. అమ్మా, అలా అనుకోకండి. నాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు ద్రాస్ వైపు ఉన్నాను.

ఎక్కడున్నదీ, ఏం చేస్తున్నదీ రాయకూడదన్నది మాకు నియమం. చిరునామాలో నంబరు, హోదా, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ అనే సైనిక తపాలా గుర్తు, అంతే. మా ఊళ్లో వేసిన ఉత్తరం ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రానికి చేరి, అక్కడి నుంచి యూనిట్ ఎక్కడుంటే అక్కడికి వచ్చేది.

అయితే అసలు కారణం అది కాదు. పక్కనే గుండు పడిందని ఈ రోజు రాస్తే, అది పది పదిహేను రోజులకు ఇంటికి చేరుతుంది. అప్పటికి నేను క్షేమంగా అన్నం తింటూ ఉన్నా, నా భార్య భయం మాత్రం ఆ రోజే మొదలవుతుంది. పైగా ఆమెకు చదువు రాదు. పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లవాడు అరుగు మీద కూర్చుని చదువుతుంటే మా అమ్మా నాన్నా కూడా వినేవారు. అందరూ వినే ఉత్తరంలో భార్యకు ఏం రాయగలను? చలికి బాల్‌పెన్ను మొరాయిస్తే చంకలో పెట్టి వెచ్చబరచుకుని, గుండ్ల పెట్టె మీద ఇన్‌లాండు కవరు పరచి, ‘ఉభయకుశలోపరి’ తరువాత ఆకుమడి దున్నించారా, ఎర్రావు ఈనిందా అని రాసేవాడిని. ఒంటరిగా ఎలా నెట్టుకొస్తున్నావు అని అడగడానికి నాకు దొరికిన మాటలు అవే.

జవాబులు ఆ పిల్లవాడి చేతిరాతలోనే వచ్చేవి. మూలన పసుపు వేలిముద్ర మాత్రం ఆమెది. కవరు విప్పగానే ముందు దానినే చూసేవాడిని.

ఒకసారి పాపకు జ్వరమని ఉత్తరం వచ్చింది. తగ్గిందన్న ఉత్తరం తొమ్మిది రోజుల తరువాత అందింది. ఆ తొమ్మిది రోజులూ నాకు నిద్ర లేదు. కష్టం దాచమని నేను అనను. ఎవరు చూసుకుంటున్నారో, ఇప్పుడెలా ఉందో కూడా అదే ఉత్తరంలో రాయండి. ఉత్తరాలు వెనకా ముందుగా చేరుతాయి కనుక ప్రతిదాని పైనా వరుస సంఖ్య వేయండి. మేము అది ఆలస్యంగా నేర్చుకున్నాము. ఆవు ఈనిన సంగతి నాకు తెలిసేసరికి నాలుగుసార్లు అడిగి ఉన్నాను.

ఈసారి మోటారు సంగతే ముందు రాయండి. ఎవరు వచ్చి విప్పారో, ఎంత తీసుకున్నారో, నీళ్లు పడినప్పుడు బావి దగ్గర ఎవరెవరు ఉన్నారో, అన్నీ రాయండి.