ఎండిపోతున్న జూనిపర్ బోన్సాయ్

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మాకు, ఊరు మారుతున్న స్నేహితులు ఒక జూనిపర్ బోన్సాయ్‌ను (కుండీలో పొట్టిగా పెంచే, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టును) ఇచ్చి వెళ్లారు. చాలాకాలం హాల్లోనే ఉన్నందున సగం కొమ్మలు గోధుమరంగుకు తిరిగాయి. కుండీపై గులకరాళ్లను జిగురుతో అంటించారు. ఈ మార్చిలోనే కత్తిరించి మట్టి మార్చమంటారా?

జవాబు: ముందుగా చెట్టు బతికి ఉందో లేదో చూడండి. జూనిపర్ చనిపోయాక కూడా దాని ఆకులు కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తాయి గనుక, రంగును నమ్మకుండా సన్నని కొమ్మ బెరడును గోటితో గీకి, లోపల పచ్చగా, తడిగా ఉందేమో పరీక్షించండి.

ఇది ఇంట్లో పెరిగే చెట్టు కాదు. ఎండ, గాలి, శీతాకాలపు విశ్రాంతి దానికి తప్పనిసరి. గడ్డకట్టే చలి రాత్రులు తగ్గాక బయట నీడపట్టున ఉంచి, క్రమంగా ఎండకు అలవాటు చేయండి. నీరు ఇంకకుండా అడ్డుపడే ఆ రాళ్లను తీసేసి, పైమట్టి కాస్త ఆరినప్పుడల్లా కుండీ అడుగు నుంచి కారేలా నీరు పోయండి.

పచ్చని ఆకును మాత్రం దయచేసి కత్తిరించవద్దు. జూనిపర్ బలమంతా ఆకుల్లోనే ఉంటుంది, పూర్తిగా బోసిపోయిన పాత కొమ్మ సాధారణంగా మళ్లీ చిగురించదు. లావుపాటి ఎండుకొమ్మను నరికేయకుండా, జపాన్ పద్ధతిలో బెరడు ఒలిచి 'జిన్'గా, అంటే అందం కోసం ఉంచే ఎండుకొమ్మగా, నిలుపుకోవడమే నాకు ఇష్టం. కొమ్మను తెల్లకాగితంపై తట్టినప్పుడు కదిలే చుక్కలు రాలితే అవి ఆకుల రసం పీల్చే నల్లి పురుగులు (స్పైడర్ మైట్స్). నీటిధారతో ఆకుల అడుగుభాగాన్ని కడగండి.

నీరు బాగానే ఇంకుతుంటే మట్టి మార్పును వచ్చే వసంతానికి వాయిదా వేయండి. కొత్త చిగుళ్లు కనిపించేవరకు ఎరువు వద్దు.