"ఈ సబ్జెక్టే ఎందుకు?" అని నాలుగుసార్లు అడిగిన తల్లికి

ఒహాయో నుంచి ఒక అమ్మ రాసిన మెయిల్ ఇది, క్లుప్తంగా చెప్తాను. వాళ్లమ్మాయి పుట్టి పెరిగింది అమెరికాలోనే, ఇప్పుడు సైకాలజీ మేజర్‌తో బ్యాచిలర్స్ మూడో సంవత్సరం. గత వేసవిలో ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేసింది. సైన్యంలో ఉన్నప్పుడు లైంగిక దాడికో వేధింపులకో గురై, ఆ తర్వాత పీటీఎస్‌డీతో, అంటే ఘోరం జరిగాక మనసుని వదలని జబ్బుతో, నలిగిపోతున్న మాజీ సైనికులకు థెరపీ ఇచ్చే పనిలోకి వెళ్తానని ఇంటికొచ్చి చెప్పింది. అమ్మ అడిగినవి మూడు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్), సైడీ (సైకాలజీలో థెరపీ మీదే ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేట్), పీహెచ్‌డీ, ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. రోజూ అలాంటివి వింటే పిల్ల మనసు పాడవదా? మూడోది ఆవిడ మాటల్లోనే: "ఇంత మురికి సబ్జెక్టు దీనికెందుకండీ, ఫిజీషియన్ అసిస్టెంట్ చేయమంటే వినడం లేదు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి?"

అమ్మా, పోలిక చెప్తాను. కానీ మీ మెయిల్ రెండోసారి చదివినప్పుడు ఇంకో ప్రశ్న కనిపించింది. "ఈ సబ్జెక్టే ఎందుకు" అని నాలుగు చోట్ల రాశారు. లైంగిక హింసకు గురైనవాళ్లతో పనిచేస్తామని పిల్లలు అన్నప్పుడల్లా తల్లులు నన్ను డిగ్రీల గురించే అడుగుతారు, లోపల మాత్రం "నా పిల్లకి ఏమైనా జరిగిందా, నాకు చెప్పకుండా దాస్తోందా" అని వణికిపోతుంటారు. ఆ మాట అడగడానికి నోరు రాదు. అందుకని ఎంఎస్‌డబ్ల్యూనా సైడీనా అంటారు.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లంతా ఏదో జరిగి రారు. చాలామంది ఒక మంచి క్లాసు విని, ఒక ల్యాబ్‌లో పనిచేసి, ఇక్కడ నిజంగా మనిషి బాగుపడతాడని కళ్లారా చూసి వస్తారు. కాబట్టి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి ఆరా తీయకండి. ఒకవేళ నిజంగా ఏదైనా జరిగి ఉంటే? అప్పుడు కూడా, ఇదే విషయాన్ని అమ్మ "మురికి" అనడం విన్న పిల్ల, అమ్మ దగ్గరికొచ్చి చెప్పుకుంటుందా, మీరే ఆలోచించండి. మీ మీద నాకు కోపం వచ్చింది ఈ ఒక్క మాటకే, దాచుకోను. ఫీజుల గురించి భయపడండి, ఉద్యోగం గురించి భయపడండి, అవి న్యాయమైన భయాలు. ఆ మాట మాత్రం వద్దు. మీ అమ్మాయి వైద్యం చేయాలనుకుంటున్న జబ్బులో సగం ఆ మాటే.

ఎలాగో చెప్తాను. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థ, వీఏ అంటారు కదా, వాళ్లు దీన్ని మిలిటరీ సెక్సువల్ ట్రామా, పొట్టిగా ఎంఎస్‌టీ అంటారు. అది జబ్బు పేరు కాదు, జరిగిన సంఘటన పేరు. వీఏలో వైద్యానికి వచ్చే ప్రతి మాజీ సైనికుణ్ణీ దీని గురించి అడుగుతారు. అలా అడిగితే ఆడవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు, మగవాళ్లలో 50 మందిలో ఒకరు అవునంటున్నారు. మగవాళ్ల శాతం తక్కువే అయినా సైన్యంలో మగవాళ్లే ఎక్కువ కాబట్టి, తలకాయలు లెక్కపెడితే ఆ సంఖ్య చిన్నది కాదు. ఇది ఆడవాళ్ల సమస్య మాత్రమే అనుకుని దిగిన విద్యార్థులు తమ ముందు కూర్చున్న అరవై ఏళ్ల మగమనిషిని చూసి తడబడతారు. 1992లో అమెరికా కాంగ్రెస్ మహిళా వెటరన్ల, అంటే మాజీ సైనికురాళ్ల, కౌన్సెలింగ్ కోసం చట్టం చేసింది, మగవాళ్లని కలపడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఈ వైద్యం ఉచితం. అప్పట్లో ఫిర్యాదు చేసి ఉండక్కర్లేదు, కాగితాలు చూపించక్కర్లేదు. ఫిర్యాదు చేయనివాళ్లే ఎక్కువని తెలిసే ఆ నియమం పెట్టారు.

ఎందుకు చేయరు? దాడి చేసినవాడు తరచుగా అదే యూనిట్‌లో ఉంటాడు, పైఅధికారి కూడా కావచ్చు. మర్నాడు పొద్దున అదే మనిషి పక్కన నిలబడాలి. ఉద్యోగం మానేసి వెళ్లిపోవడానికి అది సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. 2020లో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే ఇరవై ఏళ్ల సైనికురాలి హత్య తర్వాత, ఆమె అంతకుముందు వేధింపుల గురించి ఇంట్లోవాళ్లకి చెప్పిందని బయటికొచ్చాక దేశమంతా గొడవైంది. చివరికి లైంగిక దాడి కేసులు కోర్టులో నడపాలా వద్దా అనే నిర్ణయాన్ని కమాండర్ల చేతుల్లోంచి తీసి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు ఇచ్చారు, 2023 డిసెంబర్ నుంచి అది అమల్లో ఉంది. యుద్ధంలో శత్రువు చేసిన గాయం వేరు, నమ్మిన సంస్థ చేసిన గాయం వేరు. ఆ నమ్మకద్రోహమే ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిద్ర పోనివ్వదు.

వీఏలో ట్రైనింగ్ చేసిన ఒక అమ్మాయి నాతో చాలాకాలం మాట్లాడుతూ ఉండేది. పేషెంట్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కుర్చీల గురించి చెప్పింది. వెయిటింగ్ రూమ్ నిండా టోపీలు పెట్టుకున్న పెద్ద మగవాళ్లు. చివరన గోడకి ఆనించి ఉన్న కుర్చీ, తలుపు కనిపించేది, ఎప్పుడూ ముందు నిండుతుందట. అక్కడ కూర్చున్న ఆడమనిషిని పక్కనున్నాయన మంచిగానే, "మీ ఆయన కోసం వచ్చారా" అని అడుగుతాడు. ఆవిడ కూడా దేశం కోసం పనిచేసి వచ్చినదే. ఆ ఒక్క మాటతో లేచి వెళ్లిపోయి మళ్లీ రానివాళ్లుంటారని ఆ అమ్మాయి అంది. అందుకే తను చేసిన మొదటి పని అపాయింట్‌మెంట్లు జనం తక్కువుండే టైముకి మార్పించడం. థెరపీ అంటే గదిలో మాటలే అనుకుంటాం.

ఇక గదిలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ భయం అక్కడుంది. పిల్ల రోజంతా ఘోరాలు వింటూ కూర్చుంటుందని మీ ఊహ. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అని ఒకటుంది, సీపీటీ అంటారు, ప్యాట్రీషియా రెసిక్ అనే సైకాలజిస్ట్ మొదట అత్యాచార బాధితుల కోసమే తయారు చేసింది. సాధారణంగా 12 సెషన్లు. అందులో జరిగినదాన్ని పూసగుచ్చినట్టు చెప్పించడం కూడా తప్పనిసరి కాదు. మూడు గళ్లున్న ఒక కాగితం ఉంటుంది. ఏం జరిగింది, నాకు నేను ఏం చెప్పుకున్నాను, ఏమనిపించింది. మధ్య గడిలో ఇలాంటి వాక్యం వస్తుంది: "నేను అరవలేదు, అంటే తప్పు నాదే." దానికి థెరపిస్ట్ "నీ తప్పేం లేదమ్మా" అని ఓదార్చి ఊరుకోదు, ఆ ఓదార్పు అప్పటికే వందసార్లు విని ఉంటారు. అడుగుతుంది. ఆ రోజు గది తాళం ఎవరి దగ్గరుంది? ఆయన ర్యాంకేంటి? మర్నాడు నీ లీవు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఎవరు? గొంతు పెగలకపోవడం, ఒళ్లు కొయ్యబారిపోవడం శరీరం తనంతట తాను చేసే పని అని నీకు అప్పుడు తెలుసా? కొన్ని వారాలకి ఆ మధ్య గడిలో వాక్యం మారుతుంది. ఆ మార్పు చూసినవాళ్లు ఈ పని వదలరు, మీ అమ్మాయి ల్యాబ్‌లో చూసింది ఇలాంటిదే అయ్యుండొచ్చు.

ఇంకోటి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఎడ్నా ఫోవా రూపొందించింది. అందులో కళ్లు మూసుకుని జరిగినది మళ్లీ చెప్పాలి, దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినాలి. బరువైన వైద్యమే. 2007లో మహిళా వెటరన్లు, సైనికురాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, 284 మంది, ఇది తీసుకున్నవాళ్లలో 41 శాతం మందికి చివర్లో పీటీఎస్‌డీ లక్షణాలు జబ్బు స్థాయి కంటే కిందికి దిగాయి, పోలిక కోసం పెట్టిన, ఇప్పటి సమస్యల గురించే మాట్లాడే ఇంకో థెరపీలో 28 శాతమే. కానీ మధ్యలో మానేసినవాళ్లు కూడా ఇందులోనే ఎక్కువ, 38 శాతం. ఈ రెండు అంకెలూ మీ అమ్మాయి పక్కపక్కనే పెట్టుకుని చూడాలి. వైద్యం పనిచేస్తుంది, మనుషులు నిలవరు. నిలబెట్టడమే నైపుణ్యం. 2023లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఎంఎస్‌టీ వల్ల పీటీఎస్‌డీ వచ్చిన 131 మంది మహిళల్లో ఒక ప్రత్యేక పద్ధతి యోగా సీపీటీతో సమానంగా పనిచేసింది, పైగా యోగా పూర్తిచేసినవాళ్లు ఎక్కువ. అంటే ఈ రంగం ఇంకా నేర్చుకుంటోంది, తెలివైన పిల్లకి చేయాల్సిన పని బోలెడుంది.

ఇప్పుడు నేను గట్టిగా వద్దనేది. మీ అమ్మాయి "ట్రామా కోచ్" సర్టిఫికెట్ లింకు ఒకటి మీకు పంపిందని రాశారు, ఆరు వారాల్లో అయిపోతుంది, ఇంట్లోంచే చేసుకోవచ్చు అని మీక్కూడా కొంచెం నచ్చినట్టుంది. వద్దు. కోచ్ అనే మాటకి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, వీఏ దాన్ని చూసి ఉద్యోగం ఇవ్వదు. ఆత్మహత్య ఆలోచనలతో ఉన్న మనిషి ఫోన్ చేసిన రాత్రి ఆరు వారాల చదువు ఏం చేయాలో చెప్పదు. అలాగే ఎండీఎంఏ (ఎక్స్టసీ పేరుతో తెలిసిన మత్తుమందు) లాంటి మందులతో కలిపి చేసే థెరపీ. రెండు మూడేళ్లుగా విద్యార్థులు నన్ను అడిగేది ఎక్కువ దీని గురించే, దానికి వేల డాలర్ల కోర్సులు వచ్చేశాయి. పీటీఎస్‌డీకి ఎండీఎంఏ థెరపీని 2024 ఆగస్టులో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు, ఇంకో పెద్ద ట్రయల్ చేయమంది. అంతకన్నా నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. ఒక ట్రయల్లో థెరపిస్ట్ పేషెంటుతో హద్దు మీరి ప్రవర్తించాడని తేలి, ఆ సమాచారం వాడిన పరిశోధన పత్రాలను ఒక సైన్స్ పత్రిక వెనక్కి తీసుకుంది. లైంగిక హింసతో నలిగి వచ్చిన మనిషి, మందు మత్తులో, థెరపిస్ట్‌ని నమ్మి కళ్లు మూసుకున్న చోట! ఈ పరిశోధన ఆగిపోవాలని నేననను, రేపు పనికొస్తుందేమో కూడా. కానీ 20 ఏళ్ల పిల్ల తన చదువుని దాని మీద పందెం కాయకూడదు. ముందు సీపీటీ, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ చేతికి రానివ్వండి.

పోలిక. ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్లు, ఆ తర్వాత లైసెన్సు కోసం సూపర్‌విజన్‌లో పని ఇంకో రెండేళ్ల పైన. వీఏలో సోషల్ వర్కర్లు ఇవే థెరపీలు ఇస్తారు, మనుషులతో పనే కావాలంటే ఇదే దగ్గరి దారి. పీహెచ్‌డీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదారేళ్లు, ఏడు కూడా పట్టొచ్చు, సీటు దొరకడం చాలా కష్టం, దొరికితే సాధారణంగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. పరిశోధన ఇష్టమైతేనే. సైడీలో అప్పు లక్ష డాలర్లు దాటడం మామూలే, పైగా 2026 జూలై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్లు ఉండవు. పీహెచ్‌డీ, సైడీ ఏదైనా ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు లేని ప్రోగ్రాం వైపు చూడనే వద్దు. మీ అమ్మాయి సంగతి నన్నడిగితే, చివరి సంవత్సరంలో పీహెచ్‌డీకీ ఎంఎస్‌డబ్ల్యూకీ రెండింటికీ పెట్టమంటాను. సైడీకి వద్దంటాను.

ఒక పెద్ద అడ్డంకి మీకు లేదు. వీఏ నేరుగా స్టైపెండ్ ఇచ్చే సైకాలజీ, సోషల్ వర్క్ ట్రైనీలు అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు సరిపోదు. స్టూడెంట్ వీసా మీద, అమ్మానాన్నల ఉద్యోగ వీసా వల్ల వచ్చే హెచ్4 మీద ఉన్న పిల్లలు ఇదే కలతో నాకు రాస్తే ఈ సంగతి చెప్పడానికి నాకు చాలా బాధేస్తుంది.

సంబంధాల దగ్గర ఏమని చెప్పాలంటారా? పీహెచ్‌డీ దారిలో వెళ్తే వీఏలో సైకాలజిస్ట్ అని చెప్పండి. పూర్తి స్థాయికి చేరాక కేంద్ర ప్రభుత్వ జీతాల లెక్కలో జీఎస్-13 గ్రేడు, చాలా ఊళ్లలో లక్ష డాలర్లు దాటే జీతం. ఆ తర్వాత కూడా మొహం చిట్లించేవాళ్లుంటే ఆ ఇంటికి మీ పిల్ల వెళ్లకపోవడమే మేలు. ఉద్యోగం భద్రం అని మాత్రం హామీ ఇవ్వను. 2025లో వీఏ దాదాపు 30,000 మంది సిబ్బంది తగ్గుతారని ప్రకటించింది. కానీ ఈ నైపుణ్యం ఉన్నవాళ్లకి వీఏ బయట కూడా పని ఉంటుంది, ఎందుకంటే ఈ గాయం సైన్యంలోనే ఉండదు.

మనసు పాడవుతుందా అన్నారు. అలసిపోతుంది. కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. మంచి చోట్ల వారం వారం తోటివాళ్లతో కూర్చుని కేసులు మాట్లాడుకుంటారు, బరువు ఒక్కరి మీద పడనివ్వరు, అలాంటి ఏర్పాటు లేని చోట చేరొద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఒంటరిగా మోస్తేనే విరిగిపోతారు. ఇంటికొస్తే చెప్పుకోడానికి కాదు, ఊరికే పక్కన కూర్చోడానికి ఒక అమ్మ ఉంటే, అది ఏ ట్రైనింగూ ఇవ్వలేని బలం. మీరు మంచి అమ్మ కాబట్టే ఇంత పొడుగు మెయిల్ రాశారు, నాకు తెలుసు. భయపడకండి, పిల్ల చెడిపోయే దారి కాదిది.

చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాములకి గడువు డిసెంబర్ మొదట్లోనే. మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి, ఒకటి ఆ ల్యాబ్ ప్రొఫెసర్ దగ్గరే తీసుకోవాలి. ఆ ల్యాబ్‌లో ఏం పని చేసిందో నాకు తెలియదండీ అని మీరే రాశారు. వేసవి అయిపోయి ఇన్ని నెలలైంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అదొక్కటి అడగండి, అక్కడ రోజూ ఏం చేసేదానివి, నీకేం నచ్చింది అని. అడిగాక తను చెప్పేదంతా పూర్తయ్యేవరకు మధ్యలో ఫిజీషియన్ అసిస్టెంట్ మాట తీయకండి.