కార్బన్ డాట్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది.. పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. ప్రాజెక్టులో నిమ్మరసం నుంచి కార్బన్ డాట్స్ తయారుచేసింది. యూవీ లైటు కింద నీలంగా వెలుగుతున్నాయని మురిసిపోతోంది. శరీర కణాలను చూడటానికి, రోగ పరీక్షలకు ఇవి పనికొస్తాయట. పీహెచ్‌డీ ఇందులోనే చేస్తానంటోంది. బంధువులేమో హైదరాబాద్‌లో ఫార్మా ఉద్యోగం చూసుకోమంటున్నారు. దీనికి భవిష్యత్తు ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రంగం మంచిదేనండీ. అయితే మీ అమ్మాయి అందులో ఏ పని ఎంచుకుంటుందన్నదాన్ని బట్టి భవిష్యత్తు ఉంటుంది.

కార్బన్ డాట్స్ అంటే సాధారణంగా 10 నానోమీటర్ల కంటే చిన్న కార్బన్ రేణువులు. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో కార్బన్ నానోట్యూబులను (అతి సన్నని కార్బన్ గొట్టాలను) శుద్ధి చేస్తుండగా అనుకోకుండా కనిపించాయి. అప్పటికే వాడుకలో ఉన్న క్వాంటం డాట్స్ (సెమీకండక్టర్ నానోరేణువులు) బాగా వెలుగుతాయి, 2023 కెమిస్ట్రీ నోబెల్ కూడా వాటికే వచ్చింది. కానీ వాటిలో చాలా రకాల్లో కాడ్మియం ఉంటుంది, అది విషం. కార్బన్‌తో ఆ బెడద లేదు. నీళ్లలో కలుస్తుంది, ముడిసరుకు చవక. అందుకే ఇంతమంది దీని మీద పడ్డారు.

చిక్కంతా తయారీ మరీ సులువు కావడంలోనే ఉంది. సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్ డైఅమీన్ కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో) 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే చాలు, వెలిగే ద్రావణం వస్తుంది. నిమ్మరసం, ఆకులు, తొక్కలు, దేనితోనైనా చేయొచ్చు. కొత్త ఆకుతో ఇంకోసారి చేసి చూపించడానికి మీ అమ్మాయి ఐదేళ్లు పెట్టనక్కర్లేదు.

ఆ వెలుగు దేనిదో నిరూపించడమే అసలు పని. సిట్రిక్ యాసిడ్‌తో చేసేటప్పుడు రేణువులతో పాటు బాగా వెలిగే చిన్న అణువులు కూడా పుడతాయి. శుద్ధి సరిగా చేయకపోతే ఆ అణువుల వెలుగునే రేణువుల వెలుగని రాసేస్తాం. అమ్మాయిని ఒక్క మాట అడగండి: డయాలసిస్ (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే సంచిలో ద్రావణాన్ని ఉంచి శుద్ధి చేయడం) చేసినప్పుడు ఆ సంచి బయటి నీళ్లను కూడా యూవీ కింద చూశావా? అవే ఎక్కువగా వెలుగుతుంటే, అక్కడి నుంచే మంచి పరిశోధన మొదలవుతుంది.

సెన్సర్ల సంగతీ ఇంతే. ఇనుము అయాన్లు కలపగానే వెలుగు తగ్గింది, కాబట్టి ఇది ఇనుము సెన్సర్ అని బోలెడు పేపర్లు వచ్చాయి. కానీ ఆ ఇనుము (ఫెర్రిక్) అయాన్లు తామే యూవీ కాంతిని పీల్చుకుంటాయి. రేణువుకు అందే కాంతి తగ్గినా వెలుగు తగ్గినట్టే కనిపిస్తుంది. పైగా డిస్టిల్డ్ వాటర్‌లో పనిచేసింది రక్తపు సీరంలో పనిచేయాలని లేదు. ఇమేజింగ్‌లో (కణాలను వెలుగుతో చిత్రించడంలో) నీలం రంగుతో మరో ఇబ్బంది. యూవీ, నీలం కాంతులు పడితే మన కణజాలమే కొంత వెలుగుతుంది, లోతుకూ వెళ్లవు. ఎరుపు, దాన్ని దాటిన నియర్ ఇన్‌ఫ్రారెడ్ కావాలి.

కార్బన్‌లోనే వేరే దారులూ ఉన్నాయి. నానోట్యూబులు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతాయని 2002లో రైస్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. 2020లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ (యూసీఎల్) బృందం నానోడైమండ్లను (అతి చిన్న వజ్రపు రేణువులను) స్ట్రిప్ టెస్టులో, అంటే గర్భ పరీక్ష పట్టీ లాంటి దానిలో, వాడింది. మైక్రోవేవ్‌తో వాటి వెలుగు ఒక లయలో హెచ్చుతగ్గులయ్యేలా చేసి, చుట్టుపక్కల వెలుగు నుంచి విడదీసింది. అలాంటి పట్టీల్లో మామూలుగా వాడే బంగారు నానోరేణువుల కంటే లక్ష రెట్ల దాకా సున్నితంగా గుర్తించగలిగింది. ఇలాంటి ఆలోచన చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేస్తుంది. మీ అమ్మాయి చేత ఆ పేపర్ చదివించండి.

ఇక ఉద్యోగాలు. 'కార్బన్ డాట్స్ సైంటిస్ట్ కావలెను' అనే ప్రకటన మీకు కనబడదు. స్పెక్ట్రోస్కోపీ, మైక్రోస్కోపీ, శుద్ధి పద్ధతులు, సెల్ కల్చర్, డేటా విశ్లేషణ చేతికొస్తే డయాగ్నస్టిక్స్, ఫార్మా ఆర్ అండ్ డీ, విదేశీ పోస్ట్‌డాక్, అధ్యాపక వృత్తి, అన్నిటికీ అర్హత ఉంటుంది. అందుకే టాపిక్ పేరు కంటే ల్యాబ్ ముఖ్యం. బయాలజీ వాళ్లతో కలిసి పనిచేసే గైడ్‌ను వెతకమనండి. హైదరాబాద్‌లో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), సీసీఎంబీ (జీవకణ పరిశోధన సంస్థ) పక్కపక్కనే ఉన్నాయి. హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ), ఐఐటీ హైదరాబాద్, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతి కూడా చూడొచ్చు. చేరేముందు అక్కడి సీనియర్లతో మాట్లాడి, ఫ్లోరోమీటర్ (వెలుగును కొలిచే పరికరం), కాన్ఫోకల్ మైక్రోస్కోప్ (కణాలను చూసే పరికరం) మీద పిల్లలకు ఎంత సమయం దొరుకుతుందో కనుక్కోవాలి.

సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. డబ్బు భారం మీ మీద పడదు. జేఆర్ఎఫ్ వెంటనే రాకపోతే ఖాళీగా కూర్చోబెట్టకండి. ఫార్మాలో అనలిటికల్ ఆర్ అండ్ డీ వైపు చేరి, ఉద్యోగం చేస్తూ మళ్లీ రాయొచ్చు. అక్కడ నేర్చుకునే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి గుర్తించే పద్ధతులు) రేపు ఈ రేణువులను శుద్ధి చేసి పరీక్షించడానికీ పనికొస్తాయి.

ఈలోగా ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేలోపు క్వినైన్ సల్ఫేట్‌తో (వెలుగు ఎంతో ముందే తెలిసిన ప్రామాణిక పదార్థంతో) పోల్చి క్వాంటం ఈల్డ్ (పీల్చుకున్న కాంతిలో ఎంత భాగం వెలుగుగా తిరిగొస్తుందో) కొలవమనండి. డయాలసిస్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. రెండు అంకెలూ రిపోర్టులో ఉండాలి.