నియమం లేదు కాబట్టి వివక్ష లేనట్టేనా?

'నల్లవారు ఆడకూడదని మన ఐపీఎల్‌లో ఎన్నడూ నియమం లేదు. దాన్ని అమెరికా వర్ణవివక్షతో పోల్చడం న్యాయమా?' అని మీరు అడిగారు.

అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగుల్లోనూ ఆ నియమాన్ని ఎవరూ రాసి పెట్టుకోలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు పెద్ద లీగులో ఆడాడు. తర్వాత తలుపు మూసుకుంది. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో దిగేదాకా, అరవై ఏళ్లకు పైగా, యజమానుల నోటిమాట ఒప్పందమే సరిపోయింది. కాబట్టి నియమం కోసం వెతకకండి. జట్టులో ఏ మాట నడుస్తోందో వినండి.

నాకు తెలిసిన మాట ఒకటి చెబుతాను. నాది విశాఖపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో మా ఫుట్‌బాల్ జట్టులో ఇథియోపియా విద్యార్థి ఒకతను చేరాడు. రెండు కాళ్లతోనూ సమానంగా కొట్టగలిగేవాడు. మొదటి సాయంత్రమే ఎవరో 'కర్రోడా, బంతి ఇటు!' అని అరిచారు. మా వైపు కర్రి అంటే నలుపు. ఆట అయ్యాక అతను నా దగ్గరికి వచ్చి ఆ మాటకు అర్థం అడిగాడు. 'బలమైనవాడు' అని చెప్పాను.

మరుసటి వారం తన సంచి మీద ఆ పేరును తన భాష అమ్హారిక్ అక్షరాల్లో నీలి సిరాతో రాసుకుని వచ్చాడు. ఏ అక్షరం ఎలా పలుకుతుందో వేలు పెట్టి మాకు చదివి వినిపించాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

రెండు నెలల తర్వాత ఎవరో నిజం చెప్పారు. ఆ రోజు కూడా ఆటకు వచ్చాడు. సంచి మీద అక్షరాలు ఉన్నచోట గుడ్డ పోగులు లేచేలా గీకేసి ఉంది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఆడి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతణ్ణి వెళ్లిపొమ్మని మాలో ఒక్కరూ అనలేదు, మీరు చెబుతున్న నియమం కూడా లేదు.

2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ మాట్లాడినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌లో ఆడేటప్పుడు తనను 'కాలూ' అనేవారని, దానికి బలమైన గుర్రం అని అర్థం అనుకున్నానని, హిందీలో నల్లోడు అనే అసలు అర్థం తర్వాత తెలిసిందని అన్నాడు. ఒక సహచరుడు తనతో మాట్లాడాడని, ప్రేమతోనే అలా పిలిచారని ఆ తర్వాత చెప్పాడు. అది ఆయన పెద్దమనసు. మేమూ ప్రేమతోనే పిలిచామని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. ప్రేమే అయితే అర్థం ఎందుకు దాచాను?

2021 జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులు సిరాజ్‌ను దూషించినప్పుడు మనమంతా మండిపడ్డాం, పడాల్సిందే. సామీ విషయంలో మాత్రం నా స్నేహితుల్లో చాలామంది 'సరదాకి అన్నారు' అని తేల్చేశారు.

సామీ మాటలు విన్న వారంలోనే ఆ ఇథియోపియా విద్యార్థి ఫోను నంబరు సంపాదించి, నేను చెప్పిన అబద్ధానికి క్షమాపణ కోరుతూ సందేశం పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు: ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి అర్థం తెలుసు అని.

అందరికీ తెలుసు అని రాశాను.