టెక్ సందేహాలు: క్యారవాన్ పంపు రాత్రంతా ఎందుకు తిరుగుతోంది?

ప్రశ్న: పాత టెంపో ట్రావెలర్‌ను సొంతంగా క్యారవాన్‌గా మార్చుకున్నాం. 100 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల పంపు పెట్టాం. కుళాయిలన్నీ కట్టేసినా రాత్రిళ్లు పంపు ఉన్నట్టుండి క్షణంపాటు తిరిగి ఆగిపోతోంది. స్నానం చేస్తుంటే నీళ్లు సన్నగా వస్తున్నాయి. పెద్ద పంపు కొనమంటారా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఇప్పుడే కొనకండి. మీవి రెండు వేర్వేరు సమస్యలు. రెండింటికీ చిన్న ఖర్చుతో పరిష్కారం దొరికే అవకాశం ఎక్కువ.

ఈ పంపుల్లో ప్రెషర్ స్విచ్ ఉంటుంది. పైపులో ఒత్తిడి తగ్గితే పంపు ఆన్ అవుతుంది, పెరగగానే ఆగిపోతుంది. కుళాయి తిప్పకుండానే తిరుగుతోందంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోందన్నమాట. పంపు తర్వాత ఒక బాల్ వాల్వ్ (చేత్తో తిప్పి నీళ్లు ఆపే వాల్వ్) పెట్టించి, పడుకునేముందు దాన్ని మూసేయండి. అయినా పంపు తిరిగితే లోపం పంపులో నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్‌దే, నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. ట్యాంకుకు రంధ్రాలు చేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు అందులో ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది. విప్పి కడిగి చూడండి. బాల్ వాల్వ్ మూశాక చప్పుడు ఆగిపోతే లీకు పైపుల వైపు ఉంది. జాయింట్ల కింద న్యూస్ పేపరు పరచండి, చుక్క ఎక్కడ పడిందో పొద్దున్నే మరక చెబుతుంది.

ఇక నీళ్లు సన్నగా రావడం. ముందు పంపు ముందుండే జాలీ ఫిల్టరు కడగండి. తర్వాత కుళాయి తిప్పి, పంపు తిరుగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, పంపు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 12.8 ఉండి పంపు దగ్గర 11.6 ఉంటే తప్పు వైరుది. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 1 చదరపు మిల్లీమీటరు వైరు వాడేస్తే ఇలా అవుతుంది. బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో పంపు ఉంటే కరెంటు వెళ్లి రావడానికి మొత్తం 10 మీటర్లు. 6 ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే ఒక వోల్టుకు పైగా పోతుంది. 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12 వోల్టుల్లో పోతే పంపు నీరసపడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం అర వోల్టు దగ్గర ఆగుతుంది. పంపు మాన్యువల్లో చెప్పిన సైజు ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు, వైరు షార్టయితే బండే తగలబడుతుంది.

కళింగపట్నం, బారువ బీచ్‌ల దగ్గర రాత్రిళ్లు ఆగుతుంటే ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది. వైరు మెలిపెట్టి టేపు చుట్టకుండా వైరు కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) పెట్టి నొక్కించండి, అంటే క్రింప్ చేయించండి. పైన వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. టిన్ పూత ఉన్న రాగి వైరు దొరికితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న ఫ్లోట్ సెన్సర్‌ను వాటర్ ట్యాంకుకు బిగించాం. ట్యాంకు నింపితే మీటరు ఖాళీ అంటోంది, ఖాళీ చేస్తే ఫుల్ అంటోంది. వైర్లు అటూ ఇటూ మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సెన్సర్, మీటరు రెండూ మంచివే అయ్యుంటాయి, వాటికి జత కుదరలేదు. ఈ సెన్సర్ నీటి మట్టాన్ని విద్యుత్ నిరోధం (ఓమ్‌లు) రూపంలో చెబుతుంది. అమెరికా పద్ధతి సెన్సర్ ఖాళీకి 240 ఓమ్‌లు, నిండితే 33 ఓమ్‌లు చూపిస్తుంది. యూరప్ పద్ధతిలో ఖాళీకి సున్నా దగ్గర, నిండితే 190 దగ్గర. ఒక పద్ధతి సెన్సర్‌కు ఇంకో పద్ధతి మీటరు తగిలిస్తే లెక్క తిరగబడుతుంది. వైర్లు మార్చినా ఓమ్‌లు మారవు. సెన్సర్ వైర్లు విడదీసి, ఫ్లోట్‌ను చేత్తో పైకీ కిందికీ కదుపుతూ మల్టీమీటర్‌తో కొలవండి. ఆ అంకెలకు సరిపోయే మీటరు తీసుకోండి.

ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఊగడం లోపం కాదు. కానీ 100 లీటర్లంటే 100 కిలోలు. ట్యాంకు కింద, ఇరుసుకు దగ్గరగా, గట్టిగా బిగించి ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

ప్రశ్న: ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయి. టీడీఎస్ మీటరు మాత్రం 180 చూపిస్తోంది. తాగొచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: తాగకండి. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను బట్టి కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, అంతే. బ్యాక్టీరియా దానికి కనపడదు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరే, కానీ అందులో చూడాల్సిన అంశాల్లో ఇది ఒక్కటి మాత్రమే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దాని కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అలాంటి చోట ఓ చిన్న మీటరు అంకెను చూసి ధైర్యపడొద్దు. నీళ్లు పట్టుకునే చోటును బట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ట్యాంకు శుభ్రానికి సువాసన, రంగు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) లీటరుకు 1 మిల్లీలీటరు చాలు, అంటే 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ ముందే తీసేయండి. ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, 4 గంటలు ఉంచి, మొత్తం పారబోయండి. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. వెనిగర్, నిమ్మ ఉప్పు, బాత్రూం యాసిడ్ దేన్నీ ఇందులో కలపకూడదు, విషవాయువు పుడుతుంది. బండి వారాల తరబడి కదలదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి ఉంచండి. పారదర్శకమైన ట్యాంకైతే వెలుగు పడకుండా కప్పండి, పాచి పట్టదు.

సీట్లు తీసి బండి మార్చాక ఆర్‌సీ సంగతేమిటని కొందరు అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకీ రాతపూర్వకంగా చెప్పండి.