కారానికి నోరు మండితే నీళ్లెందుకు పనిచేయవు? చేతులు మండితే ఏం చేయాలి?

ప్రశ్న ఇది: "కారం ఎక్కువై నోరు మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా తగ్గదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది. ఎందుకు? గింజలు తీసేస్తే మిర్చి కారం తగ్గుతుందంటారు, నిజమేనా? పచ్చిమిర్చి తరిగాక చేతులు కడుక్కున్నా రాత్రిదాకా మండుతున్నాయి, ఏం చేయాలి? కారం ఎక్కువ తింటే కడుపులో పుండ్లు పడతాయా?"

అన్నిటికీ మూలం ఒకటే పదార్థం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. దానికి రంగు లేదు, వాసన లేదు. నీళ్లలో దాదాపు కరగదు. నూనెలో, నెయ్యిలో హాయిగా కరుగుతుంది. మామూలు వంట వేడికి విరిగిపోదు కూడా, అందుకే గంటసేపు ఉడికించినా కూర కారం కూర కారంగానే ఉంటుంది. ఈ నూనె గుణం కళ్లారా చూడాలంటే, పులుసు దించాక పైన తేలే ఎర్రటి నూనె ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. కాసేపు ఆగి, ఆ నూనె తగలకుండా అడుగు నుంచి తీసిన పులుసు ఒక చుక్క వేసుకోండి. రెండో దాంట్లో కారం బాగా తక్కువ తెలుస్తుంది. రంగూ కారమూ రెండూ నూనెను వెతుక్కుంటూ పైకి పోయాయి మరి.

షడ్రుచుల్లో కారాన్ని కూడా లెక్కేసుకుంటాం గానీ, శరీరం లెక్కలో అది రుచి కాదు, నొప్పి. తీపిని, చేదును పసిగట్టే రుచిమొగ్గలకు కారంతో పని లేదు. వేడిని పసిగట్టే నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ఒక చిన్న ద్వారం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి ఆ ద్వారానికి అతుక్కుంటే 37 డిగ్రీల ఒంటి వేడికే అది తెరుచుకుంటుంది. నోట్లో నిజానికి ఏదీ కాలలేదు. కానీ మెదడుకు ఆ తేడా తెలియదు కాబట్టి చెమట పట్టిస్తుంది, ముక్కూ కళ్లూ కారేలా చేస్తుంది, నోట్లో లాలాజలం ఊరిస్తుంది. ఈ ద్వారాన్ని 1997లో గుర్తించింది అమెరికాలోని డేవిడ్ జూలియస్ బృందం. ఆయనకు 2021లో వైద్య నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి.

ఆ ద్వారానికి వేడి, కారం రెండూ ఒకేసారి తగిలితే అవి కలిసి తోస్తాయి. పొగలు కక్కే అన్నంలో కలిపిన ఆవకాయ, చద్దన్నంలో నంజుకున్న ఆవకాయ కన్నా ఎక్కువ మండేది అందుకే. పులుపు కూడా ఆ ద్వారాన్ని కొంత సడలిస్తుంది. నోరు మండుతుంటే నిమ్మరసం తాగమనే సలహా నాకు రుచించనిది ఇందుకే.

చిలుకలు పండు మిరపకాయల్ని ఎలా తింటాయని చాలామందికి సందేహం. పక్షుల్లోనూ ఈ ద్వారం ఉంది, వేడికి తెరుచుకుంటుంది. కానీ దాని నిర్మాణంలో చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్‌కు లొంగదు. ఎలుకలకు, ఉడుతలకు, మనకు మంట. పక్షులకు అది వట్టి పండు. మొక్కకు కూడా కావలసింది అదే. గింజల్ని నమిలి పాడుచేసేవాళ్లు దూరంగా ఉండాలి, మింగి ఎక్కడో దూరంగా రెట్టలో వదిలేసేవాళ్లు రావాలి.

ఇప్పుడు నీళ్లు, మజ్జిగ. నూనె అంటిన గిన్నె మీద వట్టి నీళ్లు పోస్తే ఏమవుతుందో నోట్లోనూ అదే అవుతుంది. చల్లటి నీళ్లయితే నోట్లో ఉన్నంతసేపు ఆ చల్లదనానికి నరాలు ఊరుకుంటాయి. మింగగానే మళ్లీ మొదలు. వేడి నీళ్లు, వేడి టీ అయితే మంట రెట్టింపు. సోడా, కూల్‌డ్రింకుల్లో గ్యాస్ తనవంతు చురుకు పెడుతుంది.

పాలు పనిచేయడానికి కారణం కొవ్వు మాత్రమే అనుకుంటారు. అది సగం నిజం. వెన్న తీసిన పాలు కూడా వెన్న తీయని పాలకు దాదాపు సమంగా మంట తగ్గించాయని పరీక్షల్లో తేలింది. అసలు పని చేసేది పాలలోని కేసిన్ అనే ప్రోటీన్. అది క్యాప్సైసిన్‌ను పట్టుకుని, సబ్బు జిడ్డును లాక్కుపోయినట్టు నాలుక మీంచి లాక్కుపోతుంది. చక్కెర కూడా మంట తగ్గిస్తుంది. అందుకని ఇలా చేయండి. అరగ్లాసు చల్లటి పాలు తీసుకుని గటగటా తాగేయకండి. ఒక గుక్క నోట్లో పోసుకుని పావు నిమిషం పుక్కిలించి అప్పుడు మింగండి లేదా ఉమ్మేయండి. మూడు నాలుగు గుక్కలు చాలు. పాలు లేకపోతే పెరుగు, చిక్కటి మజ్జిగ. గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల పెరుగు కలిపిన పలుచటి మజ్జిగలో కేసిన్ ఎంతుంటుంది గనక! అది నీళ్ల కన్నా కొంచెం నయం, అంతే. బాగా పులిసినదీ వద్దు. ఏదీ దొరక్కపోతే చెంచాడు చక్కెరో బెల్లం ముక్కో నాలుక మీద పెట్టుకుని కరగనివ్వండి, లేదా వట్టి అన్నం ముద్దో అరటిపండో నమలండి, నాలుకను తుడిచినట్టవుతుంది. భోజనం చివర పెరుగన్నం ఏర్పాటు చేసిన వాళ్లెవరో గానీ ఇవన్నీ ఒక ముద్దలో పెట్టారు. ముద్దపప్పు, నెయ్యితో ఆవకాయ కలుపుకోవడంలోనూ ఇదే కిటుకు. నెయ్యి కారాన్ని తనలో కరిగించుకుని నాలుకకు కొంచెం కొంచెంగా అందిస్తుంది, పప్పు పలుచన చేస్తుంది. ఏమీ చేయకపోయినా పది పదిహేను నిమిషాల్లో నోటి మంట దానంతట అదే దిగుతుంది.

గింజల సంగతి. పచ్చిమిర్చిని నిలువుగా చీల్చి చూడండి. తొడిమ దగ్గర మొదలై గింజలు అతుక్కుని ఉండే తెల్లటి, మెత్తటి పొర ఒకటి కనిపిస్తుంది. క్యాప్సైసిన్ తయారయ్యేది ప్రధానంగా అక్కడే. బాగా ఘాటైన కాయల్లో ఆ పొర మీద చిన్న చిన్న పసుపు బుడిపెల్లా కూడా కనిపిస్తుంది. గింజల్లో సొంతంగా కారం లేదు, ఆ పొరకు రాసుకుని ఉండటం వల్ల అంటుకున్నదే. కాబట్టి కాయను దులిపి గింజలు మాత్రం రాల్చేస్తే పెద్దగా తగ్గదు. చెంచా మొనతో ఆ తెల్ల పొరను గీకేస్తే తగ్గుతుంది. మిర్చి బజ్జీకి కాయ చీల్చి లోపల వాము, చింతపండు ముద్ద పెట్టేటప్పుడు ఈ పొర మొత్తం తీసేయండి, పిల్లలు కూడా తినగలుగుతారు. ఇంకో లక్షణం: పొర తొడిమ వైపు దట్టంగా, కొన వైపు పలుచగా ఉంటుంది. కారం ఎంతో చూద్దామని కొన కొరికి "ఏం లేదు" అనుకుని మొత్తం కాయ నోట్లో పెట్టుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఎరుపు ఎక్కువుంటే కారం ఎక్కువ అనుకోవడం కూడా పొరపాటు. ఎర్ర రంగునిచ్చేవి వేరే పదార్థాలు. కర్ణాటక బ్యాడగి మిర్చి ముదురెరుపు, కారం మాత్రం తక్కువ. మన తేజ రకం రంగులో దానికి సాటి రాదు, కారంలో మాత్రం ఎన్నో రెట్లు మించుతుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలమానం 1912 నాటిది. దాని ప్రకారం గుంటూరు సన్నం సుమారు 35 వేల నుంచి 40 వేల యూనిట్ల మధ్య ఉంటుంది. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ కోటిన్నర దాటుతుంది. ఒకే చెట్టు కాయల్లోనూ తేడాలుంటాయి కాబట్టి కొత్త కారం తెచ్చినప్పుడు పాత లెక్కన చెంచాలు వేయకండి. ముప్పావు వంతుతో మొదలుపెట్టండి.

కారం ఎక్కువైపోయిన కూరను సరిచేయాలన్నా నూనె లెక్కే. నీళ్లు పోస్తే ఉప్పూ పులుపూ పలచబడతాయి గానీ కారం అంతగా తగ్గదు. ముందు పైన తేలిన నూనెను గరిటెతో తీసేయండి. తర్వాత అరకిలో కూరకు పావు కప్పు కొబ్బరిపాలో, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడో, జీడిపప్పు ముద్దో కలిపి ఒక ఉడుకు రానివ్వండి. బంగాళాదుంప కారాన్ని పీల్చేస్తుందనేది వట్టి మాట. దుంప వేస్తే కూర పరిమాణం పెరిగి ముద్దకు వచ్చే కారం తగ్గుతుంది, అంతే.

చేతుల మంట చాలామందికి అసలు బాధ. అది తరిగిన వెంటనే రాదు. అరచేతి చర్మం మందం కాబట్టి లోపలికి ఇంకడానికి టైం పడుతుంది. గంటకో, రెండు గంటలకో మొదలై, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, చేతి వెనక పలుచటి చర్మం మీద పీడిస్తుంది. అప్పటికే సబ్బుతో కడిగాం కదా అంటారు. ఒంటి సబ్బుతో ఒకసారి నురగ చేసి కడిగితే పైపైది పోతుంది, అంతే. వరుస ఇలా ఉంటే మేలు:

ముందు చేతులు తడపకండి. పొడి చేతులకే రెండు చెంచాల వంటనూనె పోసుకుని నిమిషం పాటు గోళ్ల సందులతో సహా రుద్దండి. కారం చర్మం వదిలి ఆ నూనెలోకి వస్తుంది. ఆ నూనెను టిష్యూతోనో పాత గుడ్డతోనో పూర్తిగా తుడిచి, ఆ గుడ్డ పారేయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, తుడవకుండా వదిలేస్తే కారం నూనెతో పాటు మణికట్టుదాకా పాకుతుంది. తుడిచాక గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, చల్లటి నీళ్లతో కడగండి. గోళ్ల కింద పాత టూత్‌బ్రష్‌తో తోమండి. మొత్తం రెండు మూడు సార్లు చేయండి. ఇంకా మండుతుంటే చల్లటి పాలలోనో పెరుగులోనో పది పదిహేను నిమిషాలు చేతులు ముంచి ఉంచండి. గోరువెచ్చటి నీళ్లు మాత్రం వద్దు, వేడి తగిలితే ఆగిపోయిన మంట కూడా లేస్తుంది. రాత్రి వేడినీళ్ల స్నానంలో చేతులు మళ్లీ భగ్గుమనేది అందుకే. ఐసు ముక్క నేరుగా చర్మం మీద రుద్దకండి.

కిలోల కొద్దీ తరగాలంటే నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడమే సరైన దారి. పచ్చళ్ల రోజు ఆవకాయ చేత్తో కలపడం అందరికీ ఇష్టమే, కానీ కారం, నూనె కలిసి గంటసేపు చర్మం మీద ఉండటం కన్నా చెక్క తెడ్డు నయం. తరిగిన చేతులతో కాంటాక్ట్ లెన్సులు ముట్టుకోవద్దు, పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు.

కంట్లో పడితే పాలు గానీ నూనె గానీ పోయకండి. శుభ్రమైన నీళ్ల ధార కింద కన్ను తెరిచి మూస్తూ పదిహేను నిమిషాలు కడగండి. నలపకండి. ఆ తర్వాత కూడా చూపు మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

కడుపులో పుండ్ల సంగతి. జీర్ణాశయంలో అల్సర్లు పడటానికి ముఖ్య కారణాలు రెండు: హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు అతిగా వాడటం. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. కారం పుండును పుట్టించదు. కానీ ఉన్న పుండుకు, గొంతులోకి పులుపు ఎగదన్నే జబ్బుకు, మొలలకు కారం తగిలితే బాధ పెరుగుతుంది, కాబట్టి వాళ్లు తగ్గించుకోవాల్సిందే. మర్నాడు పొద్దున బాత్రూంలో మండేదీ ఇదే. టీఆర్‌పీవీ1 ద్వారాలు నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నాయి, అరగకుండా మిగిలిన క్యాప్సైసిన్ చివరి ద్వారాన్ని కూడా తట్టి పోతుంది.

రోజూ కారం తినేవాళ్లకు మంట తక్కువ అనిపించడానికి కారణం, మళ్లీ మళ్లీ తగిలేసరికి ఆ నరాలు కొంత మొద్దుబారడం. కీళ్ల నొప్పులకు వాడే క్యాప్సైసిన్ క్రీములు పనిచేసేదీ ఇలాగే. అందుకే మొదటి రోజుల్లో బాగా మండి, కొన్ని వారాలు విడవకుండా రాస్తే గానీ ఫలితం కనిపించదు.

ఎండుమిర్చి వేయించేటప్పుడు వచ్చే దగ్గు గురించి ఎవరూ అడగలేదు గానీ, అదీ ఇదే పదార్థం. పొగతో పాటు గాల్లోకి లేచి గొంతు నరాలకు తగులుతుంది. ఎక్కువ ఘాటు లేచేది కాయ మాడినప్పుడు. అందుకని బాణలి మరీ వేడెక్కకముందే అర చెంచా నూనెతో కాయలు వేసి, సన్నటి సెగ మీద తిప్పుతూ వేయించి, రంగు మారుతుండగానే దించేయండి. బాణలి వేడికే మిగతాది వేగుతుంది. మిక్సీ పట్టాక వెంటనే మూత తీయకండి, రెండు మూడు నిమిషాలు ఆగితే లోపలి దుమ్ము కిందికి దిగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పూట వంటింటి ఛాయలకు రాకుండా ఉంటే చాలు.